ట్రాక్ గొంతు

27 ఏప్రిల్ 2025, ఆదివారం

నేను వెళ్లను. రేపెప్పుడైనా మనసు జారితే చదువుకోవడానికి ఉంటుందని రాసి పెట్టుకుంటున్నాను. వెళ్లను గాక వెళ్లను.

ఆరాధన అయ్యి బయటికొస్తే చర్చి గేటు దగ్గర జంపయ్య నిలబడి ఉన్నాడు. కాగితం మిల్లులో షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, యూనిఫాం కూడా మార్చలేదు. బూర్గంపాడు సంఘంలో డ్రమ్స్ కొట్టే మనిషికి ఆదివారం పూట భద్రాచలంలో ఏం పని అనుకున్నాను.

"వదినా, అన్న పంపిండు. ఆల్బం చేద్దామంటుండు."

"ఏ పాస్టరుగారిది?"

"పాస్టర్లది గాదు. మనది. నువ్వు రాసినయ్ ఏడు పాటలున్నయ్ గద, వరద పాటలు. గిటారు, డ్రమ్సు, గోడలు అదిరేటట్టు. రాక్ ఆల్బం."

"ఆయనకు నోరు లేదా? నిన్నెందుకు పంపిండు?"

"భయపడుతుండు వదినా."

"దేనికి?"

"నీ నోటికే."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నేను బూర్గంపాడు ఇల్లు వదిలి అమ్మ దగ్గరికొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో షాలేమ్‌రాజుకు పెళ్లాం గుర్తు రాలేదు, పెళ్లాం రాసిన పాటలు మాత్రం గుర్తొచ్చాయి. అబ్బో, గొప్ప మొగుడు.

మా ఇళ్లల్లో అలిగి పుట్టింటికొచ్చిన ఆడది తనంతట తాను తిరిగి పోదు. మొగుడు రావాలి. అత్త పెట్టిన అన్నం తినాలి. "పంపండి" అని నోరు తెరిచి అడగాలి. అప్పుడు పోవాలి. ఆయన చెయ్యాల్సింది అంతే. గోదావరి బ్రిడ్జి దాటితే మా ఇల్లే. నేనేదో ఎదురు చూస్తున్నానని కాదు, పద్ధతి ఏమిటో రాస్తున్నాను.

4 మే, ఆదివారం

వెళ్లాను.

పాటల కోసం వెళ్లాను. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

సారపాకలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఇల్లు అలాగే ఉంది. ముందు గది స్టూడియో, గోడల నిండా గుడ్ల అట్టలు, మధ్యలో గాజు పలక, దానికి ఇవతల ఆయన కంప్యూటరు, అవతల మైకు. తలుపు మీద వరద గీత కూడా అలాగే ఉంది, నా మెడ ఎత్తున. ఇక్కడున్న రెండేళ్లలో ఎన్నిసార్లు తుడిచానో ఆ గీతను.

రెండు వేల ఇరవై రెండు జూలై వరదలో మైకు ఆటో వీధి వీధీ తిరిగింది. మూడో ప్రమాద హెచ్చరిక, ఇళ్లు ఖాళీ చెయ్యండి అని. ట్రాక్టర్ ఆఖరి ట్రిప్పు. నేను అప్పుడు మా ఇంటికొచ్చి ఉన్న అమ్మను ఎక్కించే పనిలో ఉన్నాను. ఆయన లోపలికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఒకసారి కంప్యూటరు, ఇంకోసారి గిటారు శబ్దం పెంచే యాంపు. మా నాన్న హార్మోనియం లోపలే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే మెట్లన్నీ ఉబ్బిపోయి, తిత్తి నిండా బురద. "ఎట్లాగు పాత పెట్టెనే గద తబితా" అన్నాడు. ఆ మాట మీద రెండేళ్లు కాపురం చేశాను. పోయిన ఆగస్టులో ఇంకోసారి అన్నాడు, బట్టలు సర్దుకున్నాను.

ఇవాళ ఆయన చాయ్ పెట్టి ఇచ్చాడు. చక్కెర ఎక్కువేశాడు. బాగున్నావా అని అడగలేదు.

"ఏడు పాటలు. పేరు 'మూడో ప్రమాద హెచ్చరిక'. ఎట్లుంది?"

"పాడేది ఎవరు?"

"నువ్వే."

"నేను పాడితే మెయినా, ట్రాకా?"

"మెయిన్."

"నా గొంతు తియ్యవు గద?"

"తియ్య."

"అవ్ అంటే అవ్ అనే మనిషివేనా నువ్వు?"

"అవ్ తబితా. ఈసారి నీ గొంతు తియ్య."

పదకొండేళ్లు ఆయన పక్కన నేను చేసిన పని ఇది. క్రిస్మస్ వస్తోందంటే చుట్టుపక్కల మండలాల పాస్టర్లంతా పాటల ఆల్బం చేయించుకుంటారు. అయ్యగారి భార్యో కూతురో పాడాలి. వాళ్లకు పాట రాదు. అందుకని ముందు నేను పాడతాను. దాన్ని ట్రాక్ అంటారు. వాళ్లు దాన్ని ఫోన్లో పెట్టుకుని, వంట చేసుకుంటూ విని నేర్చుకుని వచ్చి, దాని మీద పాడతారు. తర్వాత నా గొంతు తీసేస్తారు. లెక్క వేసుకోలేదు గానీ నాలుగైదు వందల పాటలుంటాయి. ఈ భూమ్మీద నా గొంతుతో ఒక్క పాట లేదు.

ఒక్కటి ఉండాలి నాకు. ఒక్కటి మిగిలితే చాలు.

18 మే, ఆదివారం

డ్రమ్స్ రికార్డింగ్. గదిలో పట్టక వరండాలో పెట్టాం. చుట్టూ బొంతలు కట్టాం, అవి చాలక మా పెళ్లినాటి పరుపు కూడా నిలబెట్టాం. జంపయ్య చొక్కా విప్పేసి కొట్టాడు. మిల్లుకు పోయే కర్ర లారీ వచ్చినప్పుడల్లా ఆపడం, అది పోయాక మొదలుపెట్టడం. అయిదో లారీకి జంపయ్య పుల్లలు కింద పడేసి, "ఆ లారీని గూడ ఆల్బంల పెట్టు అన్నా, నాకంటే అదే టైముకొస్తుంది" అన్నాడు. రాజు నవ్వాడు. నేనూ నవ్వాను. ముగ్గురం పడి పడి నవ్వాం.

గిటారు ఆ యాంపులోంచే. మా నాన్న హార్మోనియంకు బదులు బతికి బయటపడిన యాంపు. దాని మీద చెయ్యి వేసి చూస్తే వేడిగా ఉంది. రాజు తీగ మీటగానే నా పక్కటెముకలు కదిలాయి. ఇంత కోపం ఈ మనిషిలో ఎక్కడుందా అనుకున్నాను. నాతో ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది.

25 మే, ఆదివారం

మొదటి పాట పాడాను. ఒకే టేకు. రాజు "బాగుంది" అన్నాడు.

1 జూన్, ఆదివారం

రెండు, మూడు. "బాగుంది" అన్నాడు.

జంపయ్య ఫోన్ చూసుకుంటూ కూచున్నాడు.

8 జూన్, ఆదివారం

నాలుగు, అయిదు, ఆరు. "బాగుంది."

ఏడో పాట సంగతి తర్వాత చూద్దామన్నాడు. పదకొండేళ్లు కాపురం చేశాను, ఆయన "బాగుంది" నాకు తెలియదా? కూరలో ఉప్పు లేకపోయినా బాగుందనే అంటాడు, తర్వాత మజ్జిగ పోసుకుంటాడు.

15 జూన్, ఆదివారం

నేనే పట్టుబట్టాను, పెట్టి వినిపించమని. ముగ్గురం కూచుని ఆరు పాటలూ విన్నాం.

గిటారు తగలబడుతోంది. డ్రమ్స్ తలుపులు బాదుతున్నాయి. మధ్యలో నా గొంతు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపిస్తోంది. కానీ అందులో మనిషి లేదు.

 చివరికి జంపయ్యే నోరు తెరిచాడు.

"ఏమనుకోకు వదినా. ఇంకెవరికో నేర్పనీకి పాడినట్టుంది."

ఒళ్లు మండింది. రాజు వైపు తిరిగాను.

"నువ్వే గద నేర్పింది? ట్రాక్‌ల నీ ఏడుపు పెట్టకు, పాడెటోళ్లు ఆగమైతరు, సాఫ్‌గ పాడు అని పదకొండేళ్లు చెప్పింది నువ్వు గాదా?"

"అవ్. నేనే."

"మరి ఇప్పుడు ఏడుపు ఎక్కడనుంచి తేవాలె?"

ఆయన గిటారు తీగలు తుడుచుకుంటూ కూచున్నాడు. ఆటో దొరకలేదు, సారపాక దాకా నడిచాను. ఎండ. అమ్మ ఏమైందే అని అడిగితే తలనొప్పి అన్నాను.

22 జూన్, ఆదివారం

మొదటి పాటే ముప్పై నాలుగు సార్లు పాడాను. ముప్పై నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి.

6 జూలై, ఆదివారం

హైదరాబాద్‌లో పాటలు విడుదల చేసే కంపెనీ ఒకటుంది. రాజు వాళ్లకు పంపాడట. సంగీతం అదిరిపోయింది, సింగర్‌ను మార్చండి అన్నారట. ఖమ్మంలో మహిమ అని ఒకమ్మాయి ఉంది, టీవీ పోటీలో చివరిదాకా వచ్చింది, ఆ పిల్ల అయితే ఒప్పుకుంటామన్నారట. ఇదంతా నిన్న ఫోన్లో చెప్పాడు. రక్తపరీక్షలు చేసే ఉద్యోగం కదా నాది, దవాఖానా ల్యాబులో ఉన్నాను, చేతిలో సిరంజి.

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"నిన్ను అడిగి చెప్త అన్న."

"అడుగు మరి."

"అడుగుతున్న గద."

అడగడం అంటే ఇదా? "వద్దు తబితా, నువ్వే పాడాలె, వాళ్లు కాదంటే ఊకో అన్న" అనాలి. ఇష్టమొచ్చినట్టు చేసుకో అని పెట్టేశాను.

13 జూలై, ఆదివారం

మహిమనే ఖాయం చేశారట. మంచిదే అయింది. నాకేమీ బాధ లేదు. ఆదివారాలు అమ్మకు సాయం చేసుకోవచ్చు.

ఇవాళ అమ్మకు సాయం చేశాను. గిన్నె పగలగొట్టాను.

20 జూలై, ఆదివారం

ఏడో పాటకు ట్రాక్ పాడమని పిలిచాడు. ఆ పిల్లకు పాట నేర్పాలి కదా. నా పాటకు, నా ఆల్బంలో, నేను ట్రాక్ పాడాలి! పోనని అమ్మతో నాలుగుసార్లు చెప్పి, ఉతికిన చీర కట్టుకుని పోయాను.

మహిమను తిట్టుకుందామని పోయాను. ఇరవై మూడేళ్లు ఉంటాయి. చెప్పులు బయట విడిచి వచ్చింది. "అక్కా, మీ మాటలు చదువుతుంటే మా అమ్మ గూడ ఏడ్చింది" అంది. డబ్బాలో సున్నుండలు తెచ్చింది నాకు. ఏం తిట్టమంటారు దీన్ని?

గాజు పలకకు అవతల నేను, ఇవతల వాళ్లు. ఆ పాట ఇరవై రెండులో పునరావాస కేంద్రం బడిలో కూచుని పాత హాజరు పట్టీ వెనక రాసుకున్నది.

మైకు చెప్పింది ఇల్లు వదలమని
ఏం వదలాలో చెప్పలేదు
తలుపు మీద గీత తుడిచినా పోదు
నీళ్లు పోయిన దారి నీకూ తెలుసు

మొదటి రెండు లైన్లు మామూలుగానే పాడాను, సాఫ్‌గా. మూడో లైను ఎత్తుకుంటూ తలెత్తి చూశాను. రాజు మహిమకు హెడ్‌ఫోన్ పెడుతున్నాడు. ఆ పిల్ల జుట్టు తీగలో చిక్కుకుంటే నెమ్మదిగా పక్కకు తీసి, చెవి మీద సరిగ్గా ఆనించి, "వినబడుతుందా?" అని కళ్లతో అడిగాడు. పెళ్లైన కొత్తలో నాకు అచ్చం అలాగే పెట్టేవాడు. ఆ పని చేతులు మరిచిపోలేదన్నమాట. చేసేది నాకు కాదు, అంతే.

"తుడి" దగ్గర నా ఊపిరి ఆగిపోయింది. మాట మధ్యలో ఎవరైనా ఊపిరి తీసుకుంటారా? పాట నేర్చుకునే ఏ పిల్లను అడిగినా తప్పంటుంది. తీసుకున్నాను. గట్టిగా, మైకులో వినబడేలా, నీళ్లలోంచి తల పైకెత్తినట్టు తీసుకుని "చినా పోదు" అన్నాను. ఆపైన ఏం పాడానో నాకు తెలియదు. అరిచాను. ట్రాక్‌లో పెట్టకూడనివన్నీ పెట్టాను. పాడెటోళ్లు ఆగమైతే కానీ! నా పాట, నా ఇష్టం.

అయిపోయాక కళ్లు తెరిస్తే జంపయ్య లేచి నిలబడి ఉన్నాడు. మహిమ ఏడుస్తోంది. రాజు కంప్యూటరు వైపు చూస్తున్నాడు, వీపు నాకు పెట్టి.

"బాగుంది" అనలేదు.

22 జూలై, మంగళవారం

ఇవాళ ముగ్గురికి రెండోసారి సూది గుచ్చాల్సి వచ్చింది. 

27 జూలై, ఆదివారం

వచ్చాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు, బండి మీద, తెల్ల చొక్కా వేసుకుని, వెనక జంపయ్యను ఎక్కించుకుని. పద్ధతి తెలిసినవాడిలాగా ఒక్కడే రాలేదు, మనిషిని తోడు తెచ్చుకున్నాడు. కిటికీలోంచి చూసి జుట్టు సర్దుకున్నాను. అమ్మ అయితే పొయ్యి మీది చారు దించేసి, పక్కింటి లాలిని కోడి కోసం బజారుకు పరుగెత్తించింది.

"రాండయ్యా, కూసోండి. ఇన్నాళ్లకు దారి దొరికిందా?" అంది.

"బాగున్నరా అత్తమ్మా?"

అమ్మ నన్ను లోపలికి లాగి, "ఆ చీర మార్చుకో, బట్టలు సర్దిపెట్టుకో, అడగంగనే అవ్ అనకు, రెండు మాటలు అను, మూడో మాటకు ఊ అను" అంది. చీర మార్చుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చెయ్యాలి? పెట్టె మంచం కిందనుంచి బయటికి లాగాను కూడా.

తిన్నారు. జంపయ్య రెండుసార్లు కూర వేయించుకున్నాడు. రాజు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, నా వైపు చూశాడు.

"తబితా. నిన్నొకటి అడగనీకి వచ్చిన."

అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. నేను గోడ వైపు చూస్తున్నాను.

"చెప్పు."

"ఆ ట్రాక్ ఉంచుదాం. ఏడో పాట. నీ గొంతే ఉంచుదాం. కంపెనీ ఏమన్న అననీ, నేను మాట్లాడుకుంట. మిగతా ఆరు మహిమ పాడుతది, ఇది నీదే. వారం సంది వింటున్న, దాని మీద ఇంకొకరు పాడుడు నా వల్ల గాదు."

నేను ఆగాను. ఇంకేమైనా అంటాడేమోనని. ఆయన కూడా ఆగాడు, నేనేమంటానో అని.

"ఇంతేనా?" అన్నాను.

"అవ్. ఇంతే. నువ్వు అడిగిందే గద."

అవును, నేనడిగిందే. మే నెలలో అక్షరాలా నేనడిగిందే. ఎన్నేళ్లుగానో నేను కోరుకున్నది పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. నేను మాత్రం ఆ పళ్లెంలో ఇంకేదో వెతుకుతున్నాను. వెనక గదిలో సగం సర్దిన పెట్టె ఉంది. ఆ పెట్టెను ఆయన చూసి ఉంటే నేల చీలిపోవాలనిపించేది.

"తీసెయ్యి" అన్నాను.

"ఏంది?"

"తీసెయ్యి. ట్రాక్ ట్రాకే. ఆ పిల్ల నేర్చుకున్నంక తీసెయ్యి. ఎప్పుడు తియ్యలేదు గనుక?"

"తబితా, నిజంగనే అంటున్నవా?"

"తెలుగుల చెప్పిన గద, అర్థమైతలేదా?"

జంపయ్య "వదినా" అని ఏదో అనబోయాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. బండి శబ్దం పోయేదాకా తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

అమ్మ కోడికూర గిన్నె సింకులో పడేసి, "ఇద్దరికిద్దరు" అంది. 

28 జూలై, సోమవారం

నాకేం పట్టలేదు.

3 ఆగస్టు, ఆదివారం

మహిమ ఇంకా పాడలేదట, గొంతు బాగాలేదట. జంపయ్య ఫోన్ చేసి చెప్పాడు. అంటే ట్రాక్ ఇంకా ఉంది.

ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఆయన చెయ్యాలి.

10 ఆగస్టు, ఆదివారం

చెయ్యలేదు.

14 ఆగస్టు, గురువారం

అమ్మ అడిగింది: "ఆడు వస్తే గాని నువ్వు పోవు, సరే. ఫోన్‌కు గూడ గట్లనే రూలున్నదా?"

లేదు. ఉన్నట్టు నేనే పెట్టుకున్నాను.

17 ఆగస్టు, ఆదివారం

ఇవాళ పాడుతోందని జంపయ్య మెసేజ్ పెట్టాడు. పదకొండుకు మొదలు. చదివేటప్పటికి ప్రసంగం నడుస్తోంది. ముందు వరసలో కూచున్న దాన్ని, అందరూ చూస్తుండగానే లేచి బయటికొచ్చేశాను.

బ్రిడ్జి మీద లారీ ఆగిపోయి మా బస్సు కదల్లేదు. దిగి నడిచాను. కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. చెప్పాల్సిన మాట నోట్లో తిప్పుకుంటూ నడిచాను. ఉంచు. ఒక్క మాటే. ఉంచు రాజూ, కోపంతో అన్నాను. ఇంటికి రమ్మని పిలవకపోయినా ఫరవాలేదు, నా గొంతు ఉంచు. బ్రిడ్జి అవతల ఆటో దొరికింది.

తలుపు తీసేటప్పటికి మహిమ మూడో లైనులో ఉంది.

"తలుపు మీద గీత తుడి"

ఆగింది. ఊపిరి తీసుకుంది. గట్టిగా, నీళ్లలోంచి తల పైకెత్తినట్టు.

"చినా పోదు."

నా ఊపిరి అది. అక్షరం మారలేదు, అరుపు మారలేదు, ఆఖర్న నా గొంతు బొంగురు పోయిన చోటు కూడా మారలేదు. ఆ పిల్ల గొంతు నాకంటే లేతగా ఉంది, అంతే తేడా. రాజు కళ్లు మూసుకుని వింటున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. ఎవరిని విని ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

అయిపోయింది. మహిమ బయటికొచ్చి నా చేతులు పట్టుకుంది.

"అక్కా, అన్న ఒక్కటే చెప్పిండు. తబితా ఎట్ల పాడిందో అట్లనే పాడు, ఒక్క ఊపిరి గూడ మార్చకు అన్నడు. వంద సార్లు విన్నక్కా. ఇయాల పొద్దున నా ఫోన్‌లనుంచి తీసేసిన, అన్న తియ్యమన్నడు. మీరే చెప్పిన్రంట గద."

రాజు అప్పుడు చూశాడు నన్ను. లేచి నిలబడ్డాడు. నేను ఎందుకొచ్చానో అడగాలి కదా మనిషన్నవాడు? అడగలేదు. చెప్పిన పని అయిందో లేదో చూడ్డానికి వచ్చాననుకున్నాడు. మౌస్ మీద చెయ్యి పెట్టాడు.

నేను నోరు తెరిచాను. "ఉంచు" అనడానికి ఎంతసేపు పడుతుంది? గది నిండా మనుషులు. మహిమ నా చేతులు ఇంకా వదల్లేదు. వీళ్లందరి ముందు అడుక్కోవాలా అనిపించింది. ఆ ఒక్క క్షణమే అనిపించింది.

"తీసేసిన" అన్నాడు. "చెత్తబుట్ట గూడ ఖాళీ చేసిన. నువ్వు చెప్పినట్టే."

"మంచిది" అన్నాను.

28 సెప్టెంబర్, ఆదివారం

ఆల్బం విడుదలైంది. మాటలు: తబితా. సంగీతం: షాలేమ్‌రాజు. గానం: మహిమ. జంపయ్య పేరులో ఒక అక్షరం తప్పు పడింది. వాడు అది కూడా ఫ్రేము కట్టించుకుంటాడట.

12 అక్టోబర్, ఆదివారం

జూలూరుపాడు సంఘం వార్షికోత్సవానికి అమ్మను తీసుకుపోయాను. జకర్యా అయ్యగారి ప్రసంగం. లోకపాటలు, అంటే దేవుడివి కాని పాటలు, పాడేవాళ్లు, లోకపాటలు రాసేవాళ్లు, వాటికి వాయించేవాళ్లు, అందరినీ పేరు పెట్టకుండా వేలు పెట్టి చూపించాడు. గంటన్నర. నేను కదలకుండా కూచున్నాను. తిట్టినా సరే, నన్ను గురించి ఎవరో ఒకరు మాట్లాడారు.

21 అక్టోబర్, మంగళవారం

దమ్మపేటనుంచి ఒకామె వచ్చింది, పద్మావతమ్మ, షుగరు పరీక్షకు. రక్తం తీస్తుంటే ఆమె ఫోన్ మోగింది. ఏడో పాట. సరిగ్గా ఆ ముక్కే పెట్టుకుంది.

"మా మనవరాలు పెట్టిందమ్మా" అంది. "ఆ పిల్ల 'తుడి' అని ఆగి ఊపిరి తీసుకుంటది సూడు, ప్రాణం లేచిపోతది. దానికేం కష్టమొచ్చిందో పాపం, అంత చిన్న వయసులో."

నరం తప్పింది. రక్తం దూదిలోకి కారింది. ఆమె "పర్లేదమ్మా" అంది. నేను బయటికొచ్చి చేతులు కడుక్కున్నాను, ఒకసారి కడిగితే పోయేదానికి నాలుగుసార్లు.

అది నా ఊపిరి అని ఎవరికి చెప్పాలి? చెప్పినా వినిపించడానికి నా దగ్గర ఏముంది?

2 నవంబర్, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాడి చూశాను. ఫోన్లో రికార్డు పెట్టుకుని. ఊపిరి అక్కడే తీసుకున్నాను.

మహిమను చూసి పాడినట్టుంది.

16 నవంబర్, ఆదివారం

జకర్యా అయ్యగారి క్రిస్మస్ ఆల్బం. ట్రాక్ పాడ్డానికి పిలిచారు. వెళ్లాను. నాకు వచ్చిన పని అది, రానిది ఇంకేముంది?

అయ్యగారు, అమ్మగారు, వాళ్ల కారు డ్రైవరు, అందరూ సోఫాలో కూచున్నారు. రాజు కంప్యూటరు దగ్గర. ప్రార్థన చేశారు. నేను గాజు పలకకు అవతలికి పోయి హెడ్‌ఫోన్ నేనే పెట్టుకున్నాను. పాట కాగితం మైకు స్టాండుకు గుచ్చాను. అయ్యగారు కంప్యూటరు పక్కన నాతో మాట్లాడే మైకు దగ్గరికి వంగాడు.

"అమ్మా తబితా, చిన్న మాట. ఆ లోకపాట ఒకటి వచ్చింది సూడు ఈ మధ్య, వరద పాట. అది మనం వినకూడదు గాని, పిల్లలు పెడ్తుంటే చెవుల పడింది. అందుల ఆ పిల్ల మాట మధ్యల ఆగి ఊపిరి తీసుకుంటది. మనసు కలుక్కుమంటదమ్మా. సిలువ పాటల గట్ల పెడితే బాగుంటది. ఆ మహిమ లెక్క పాడు. అమ్మగారు నిన్ను చూసి నేర్చుకుంటది."

మౌస్ మీద రాజు చెయ్యి ఆగిపోయింది. నేను గాజులోంచి ఆయన వైపు చూశాను. ఒక్క మాట. అయ్యగారూ, ఆ ఊపిరి ఈమెదే అని ఒక్క మాట అంటే చాలు, ఈ సంవత్సరమంతా మాఫీ. ఆయన పెదవి కదిలింది. నా మొహం వైపు చూశాడు, చెప్పమంటావా అన్నట్టు. నేను అనాలని ఆయన, ఆయన అనాలని నేను. అయ్యగారు గడియారం చూసుకున్నాడు.

"అది నాకు రాదయ్యగారూ" అన్నాను.

"పోనీలే అమ్మా. అందరికీ రావాలంటే ఎట్ల వస్తది? నీకొచ్చినట్టే పాడు."

ఒకే టేకులో పాడాను. శ్రుతి తప్పలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకున్నాను.

"బాగుంది" అన్నాడు రాజు.

సాయంత్రానికి అమ్మగారు నేర్చుకుని పాడేసింది. నాది తీసేశారు.